వాని త్రోవ చొప్పున

(రేడియో ప్రసంగ పాఠం)
వాక్యభాగములు: సామెతలు 22:6, నిర్గమకాండము 31:1–5

 

సామెతలు 22:6 కంఠతా రానివారు మన సంఘాలలో తక్కువ. బిడ్డల ప్రతిష్ఠ జరిగే ప్రతిసారీ ఆ వాక్యం చదువుతాం. గృహదర్శనానికి వెళ్తే గోడమీద క్యాలెండరులో అదే కనిపిస్తుంది. బాలునికి వాడు నడవవలసిన దారి నేర్పితే పెద్దవాడయ్యాక కూడా దానిని విడిచిపెట్టడు అని దాని భావం. తల్లిదండ్రులకు అది వాగ్దానం లాగానూ ఉంటుంది, బరువు లాగానూ ఉంటుంది.

హెబ్రీ మూలంలో ఆ వచనంలో రెండు మాటలున్నాయి, వాటి దగ్గర కాసేపు ఆగుదాం. మొదటిది 'అల్ పీ దర్కో'. 'దెరెఖ్' అంటే త్రోవ. 'దర్కో' అంటే వాని త్రోవ. 'అల్ పీ' అంటే చొప్పున, ప్రకారం. మాటకు మాట పెడితే 'వాని త్రోవ చొప్పున' అని వస్తుంది. దీనికి పండితులందరూ ఒకే అర్థం చెప్పరు. వాడు నడవవలసిన మంచి త్రోవ అని కొందరంటారు. వాని వయసుకు, స్వభావానికి తగిన త్రోవ అని కొందరంటారు. ఇది అసలు హెచ్చరిక, వాడి ఇష్టానికి వాణ్ణి వదిలేస్తే ముసలితనంలో కూడా ఆ దారి మానడు అని మరికొందరంటారు. సెమినరీలో మేము దీనిమీద ఒక పూటంతా వాదించుకున్నాం, తేలలేదు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు గనుక లేచాం.

రెండవది, 'నేర్పుము' అని మనకున్న చోట వాడిన క్రియ, 'హానఖ్'. దీనికి ప్రతిష్ఠించడమనే అర్థం కూడా ఉంది. ద్వితీయోపదేశకాండము 20:5లో కొత్త ఇల్లు కట్టుకున్నవాని గురించి చెప్పినప్పుడూ, 1 రాజులు 8:63లో సొలొమోను దేవుని మందిరాన్ని ప్రతిష్ఠించినప్పుడూ ఇదే క్రియ. యోహాను 10:22లోని ఆలయ ప్రతిష్ఠ పండుగ పేరు కూడా ఈ మాట నుండే వచ్చింది. ఇల్లు కట్టడం అయిపోయింది, ఇక దానిని దాని పనికి అప్పగిస్తున్నాం, అదీ ప్రతిష్ఠ అంటే. బిడ్డ విషయంలో ఈ మాట వాడడం నాకు చాలా లోతుగా అనిపిస్తుంది. ఇంటిని కట్టినవాడు వేరు, మనం ప్రతిష్ఠించేవాళ్లం మాత్రమే. గదులు ఎక్కడున్నాయో, ద్వారం ఏ వైపుందో ముందు చూసుకోవాలి గదా!

ప్రియులారా, కొందరు బిడ్డలలో ద్వారం ఒకే వైపు ఉంటుంది. అలాంటివారి గురించే ఈ రోజు మాట్లాడదలచుకున్నాను.

మీరు చూసే ఉంటారు. ఒక బాబుకు ఫ్యాన్లంటే ప్రాణం. ఎవరింటికి వెళ్లినా ముందు పైకి చూస్తాడు, ఏ కంపెనీదో, రెక్కలెన్నో చెప్తాడు, మనిషిని తర్వాత పలకరిస్తాడు. ఒకడికి బస్సు రూట్లు. ఒకడికి కరెంటు మీటర్లు. ఒక పాపకు పిల్లులు, ఏ మాట ఎత్తినా అక్కడికే తీసుకువస్తుంది. ఆడపిల్లలలో ఇలాంటి ఇష్టాలు తోటివారి ఇష్టాలలాగానే, కథల పుస్తకాలో జంతువులో అయి ఉండడంవల్ల పెద్దలు చాలాసార్లు గుర్తించరు. పిల్లలందరికీ ఏదో ఒక ఇష్టం ఉంటుంది, నిజమే. ఇష్టం ఉన్నంత మాత్రాన అది ఏ స్థితీ కాదు. కానీ ఆటిజం ఉన్న చాలామందిలో ఆ ఇష్టానికి ఉండే లోతు, బిగువు వేరు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన నిర్ధారణ గ్రంథంలో ఆటిజం లక్షణాలలో దీనిని ఒకటిగా లెక్కించారు. ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చునని ఆ గ్రంథం ఒప్పుకున్నది కూడా ఆ సంవత్సరంలోనే. అంతకుముందు రెండూ కలిపి రాయడానికి దాని నియమాలు ఒప్పుకునేవి కావు.

ఏడీహెచ్‌డీ సంగతి చూడండి. పేరులోనే 'అవధానం తక్కువ' అని ఉంది. ఆ పేరు నాకు సరిగా అనిపించదు. మన క్వయర్‌లో ఉండే కుర్రవాడే, కీబోర్డు ముందు కూర్చుంటే ఆరు గంటలు లేవడు. తల్లి అన్నం తెచ్చి పక్కన పెడితే అది ఎండిపోతుంది. అదే కుర్రవాడు కాలేజీ రికార్డు రాయమంటే పది నిమిషాలు కూర్చోలేడు. "ఇష్టమైన దానికైతే ఓపిక ఎక్కడినుంచి వస్తుందిరా, వేషాలు కాకపోతే!" అని ఇంట్లో అంటారు. ఇలా ఒకదానిలో మునిగి ఆకలి, నిద్ర, సమయం మరచిపోవడాన్ని ఇంగ్లీషులో హైపర్‌ఫోకస్ అంటారు. వైద్యుల లక్షణాల పట్టికలో ఈ మాట లేదు గాని, ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవారు ఎంతోమంది తమ అనుభవంగా చెప్తారు. వారికి అవధానం లేక కాదు. దానిని ఎక్కడికి మళ్లించాలో ఆ తిప్పుడు వారి చేతిలో సరిగా ఉండదు.

గోదావరి జిల్లాల శ్రోతలకు ఇది సులువుగా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర నీళ్లున్నాయి. లాకులు సరిగా తిప్పితే అన్ని కాలువలకూ నీరు వెళ్తుంది. చాలామంది మనసు అలా నడుస్తుంది. వంట చూస్తూ, ఫోను మాట్లాడుతూ, పిల్లవాడిని ఓ కంట కనిపెడుతూ ఉంటాం, ప్రతి కాలువలోనూ కొంచెం నీరుంటుంది. కొందరిలో ఉన్న నీరంతా ఒకే కాలువలో పారుతుంది. 2005లో డైనా మర్రే, మైక్ లెసర్, వెన్ లాసన్ అనే ముగ్గురు రాసిన ఒక వ్యాసంలో ఆటిజానికి ఈ విధమైన వివరణే ఇచ్చారు. వారిలో లాసన్‌గారు తానే ఆటిజం ఉన్న వ్యక్తి. ఒకే కాలువలో పారే నీటికి వేగం, లోతు రెండూ ఎక్కువే. ఆ లాకు ఉన్నట్టుండి దభాలున దించితే ఏమవుతుంది? గట్టు తెగి గండి పడుతుంది. "ఆపు, లే, పద!" అన్న వెంటనే ఆ బిడ్డ నేలమీద పడి తల బాదుకోవడం చూసినవారు దానిని మొండితనం అంటారు. నేనైతే గండి అంటాను.

ఈ మధ్య ఒక తల్లి మన కార్యక్రమానికి ఉత్తరం రాశారు. పేరు, ఊరు చెప్పను, చిన్న వివరాలు మార్చాను. పదేళ్ల కొడుకు. మాట ఆలస్యంగా వచ్చింది. ఆటిజం అని డాక్టర్లు చెప్పారు. రైళ్లంటే ఇష్టం. గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నం నుంచి హైదరాబాదుకు 12727, తిరుగు బండి 12728, ఇలా నోట్‌బుక్కుల నిండా రాసుకుంటాడు. ఆరాధనలో కూడా ఆ నోట్‌బుక్ ఒడిలో ఉండాలి. ఒక ప్రార్థన కూటంలో ఒకాయన ఇది దురాత్మ పని అన్నారట. ఇంకొకరు ఇది విగ్రహారాధన, దేవునికి ఇవ్వవలసిన స్థానం రైళ్లకు ఇచ్చాడు అన్నారట. తండ్రి భక్తిపరుడే, బిడ్డ బాగుపడాలన్న ఆరాటమే ఆయనది. ఆరు నోట్‌బుక్కులూ దొడ్లో వేసి కాల్చేశాడు. ఆ రోజు నుంచి మూడు వారాలు ఆ బాబు నోరు విప్పలేదు, అన్నం సరిగా తినలేదు. ఆ తల్లి చివర అడిగిన ప్రశ్న ఇది: "అయ్యగారూ, మా వాడి రైళ్లు విగ్రహమేనా? మేము చేసింది దేవునికి ఇష్టమైన పనేనా?"

అమ్మా, మీరు వింటుంటే నా జవాబు సూటిగా చెప్తాను. రైళ్లు విగ్రహం కాదు. దురాత్మ అసలే కాదు.

విగ్రహం అంటే లేఖనాలలో ఏమిటి? యెషయా 44వ అధ్యాయం చూడండి. ఒకడు చెట్టు నరికి, సగం కట్టెతో చలి కాచుకుని రొట్టె కాల్చుకొని, మిగిలిన సగంతో ఒక బొమ్మ చేసి, నన్ను రక్షించుమని దానికి మొక్కుతాడు. ప్రాణరక్షణ కోసం, నీతి కోసం, భవిష్యత్తు కోసం దేవునిమీద ఉంచవలసిన నమ్మికను తీసి వేరొకదానిమీద పెట్టడం విగ్రహారాధన. ఆ పదేళ్ల బాలుడు రైలుకు మొక్కడం లేదు. తెలియనివారి ముఖాలు, చప్పుళ్లు, ఎప్పుడెలా మారుతుందో తెలియని రోజు, ఇవన్నీ వానికి బెదురు. రైలు నంబరు మాత్రం నిన్న ఉన్నట్టే ఈ రోజూ ఉంటుంది. ఆ పట్టికలో వానికి విశ్రాంతి ఉంది, సంతోషం ఉంది. దేవుడు చేసిన లోకంలో ఒక మూల క్రమంగా ఉండడం చూసి ఆనందిస్తున్నాడు. నిజంగా విగ్రహాలను వెదకాలంటే మనలో పెద్దవాళ్ల జేబుల్లో, స్థలాల కాగితాల్లో వెదకడం మంచిది. సంఘంలో దానిమీద ఎవరూ నిప్పు పెట్టమనరు.

యోబు గ్రంథం 38 నుంచి 41 వరకు చదవండి. యోబు బూడిదలో కూర్చున్నాడు. బిడ్డలు పోయారు, ఒళ్లంతా కురుపులు. దేవుడు సుడిగాలిలోనుంచి మాట్లాడతాడు. ఏమి మాట్లాడతాడు? అడవిమేకలు ఎన్ని నెలలు మోసి ఈనుతాయో అడుగుతాడు. ఉష్ట్రపక్షి గుడ్లు నేలమీద పెట్టి మరచిపోవడం గురించి చెప్తాడు. గుఱ్ఱం మెడ గురించి, పక్షిరాజు గూడు గురించి, నీటిగుఱ్ఱం తోక గురించి, మకరం పొలుసులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా అతుక్కున్నాయో, మధ్యకు గాలి కూడా ఎలా చొరదో చెప్తాడు. నాలుగు అధ్యాయాలు! మొదటిసారి చదివినవారు, ఇదేమిటి, అడిగిందొకటి చెప్పేదొకటి అనుకుంటారు. దానికి వేదాంతులు చెప్పే జవాబులు వేరే ఉన్నాయి, ఇప్పుడు వాటి జోలికి వెళ్లను. నేను గమనించేది ఒక్కటి. ఒక్కొక్క ప్రాణి వివరంలో మన దేవునికి అంత ఇష్టం ఉంది. మనకు పనికివస్తుందా లేదా అని చూడకుండా, మకరం పొలుసు దగ్గర ఆయన అంతసేపు నిలుస్తాడు. అలాంటి దేవుడు రైలు పెట్టెలు లెక్కపెట్టే పిల్లవాణ్ణి చూసి ముఖం తిప్పుకుంటాడని ఎవరైనా చెప్తే, ఏ వచనం ఆధారమో చూపించమని అడుగుతాను.

ఇప్పుడు మిమ్మల్ని అమెరికాకు తీసుకువెళ్తాను. ఆటిజం అని నిర్ధారణ పొందిన మొట్టమొదటి వ్యక్తిగా చరిత్రలో చెప్పే డొనాల్డ్ ట్రిప్లెట్ అనే ఆయన సంగతి మన సంగతికి దగ్గరగా ఉంటుంది. 1933లో మిసిసిపి రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరిలో పుట్టారు. ప్రెస్బిటేరియన్ కుటుంబం. రెండేళ్లు నిండకముందే ఊళ్లో ఎన్నో ఇళ్ల పేర్లు ఆయనకు తెలుసు. పసితనంలోనే 23వ కీర్తన, ప్రెస్బిటేరియన్ ప్రశ్నోత్తరాలలో 25 ప్రశ్నలూ వాటి జవాబులూ అప్పగించేవాడు. కానీ పిలిస్తే పలికేవాడు కాదు. గిన్నెలు, చక్రాలు, దొరికినదల్లా గిరగిర తిప్పేవాడు, తిరుగుతుంటే ఆనందంతో గెంతేవాడు. ఆపితే గండే. 1937లో డాక్టర్ల సలహామీద తల్లిదండ్రులు ఆ బిడ్డను ఇంటికి దూరంగా ఒక సంస్థలో ఉంచారు. ఏడాదికి తిరిగి తెచ్చుకున్నారు. తండ్రి వకీలు. కొడుకు గురించి 33 పేజీలు టైపు చేసి బాల్టిమోరులో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలోని లియో కానర్ అనే వైద్యునికి పంపారు. 33 పేజీలు రాయాలంటే ఆ తండ్రి ఎంత గమనించి ఉండాలి! కానర్‌గారు 1943లో పదకొండుమంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజం అనే నిర్ధారణ లోకానికి తెలిసింది. అందులో మొదటి బాలుడు ఈ డొనాల్డే.

వైద్యులు అందరికీ తెలిసిన భాగం ఇంతవరకు. నాకు ముఖ్యమైనది దీని తర్వాతి భాగం. 1942లో, తొమ్మిదేళ్ల వయసులో, డొనాల్డ్‌ను ఊరికి పది మైళ్ల దూరంలో ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. అప్పుడు ఆ పిల్లవానికి కొలతల పిచ్చి. ప్రతిదీ కొలవాలి. ఆ రైతు కొలబద్ద లాక్కోలేదు. బావి తవ్వించి, ఎంత లోతు వచ్చిందో కొలిచి చెప్పమన్నాడు. చచ్చిన పిట్టలు, పురుగులు ఏరి తెచ్చేవాడు. ఛీ, పారెయ్యి అనలేదు, పొలంలో కాస్త చోటు చూపించి ఇక్కడ పాతిపెట్టు అన్నారు. వాడు ఒక్కొక్క దానికి సమాధి గుర్తు పెట్టి, ముందు ఒక మనిషి పేరు, మధ్యలో అది ఏ ప్రాణో ఆ పేరు, చివర ఆ రైతు ఇంటిపేరు రాసేవాడు. నత్తకు తన ఇంటిపేరు పెట్టినా ఆ రైతుకు కోపం రాలేదు! మొక్కజొన్న చేలో సాళ్లు మళ్లీ మళ్లీ లెక్కపెడుతూ తిరుగుతుంటే, గుఱ్ఱం, నాగలి చేతికిచ్చి, దున్నుతూ లెక్కపెట్టు అన్నారు. 1945లో కానర్‌గారు అక్కడికి వెళ్లి, ఆ పిల్లవాడు ఆరు పొడుగాటి సాళ్లు దున్ని, చివర గుఱ్ఱాన్ని చక్కగా మళ్లించడం చూసి ఆశ్చర్యపోయారు. ఆ పల్లెటూరి దంపతుల తెలివిని తన తర్వాతి వ్యాసంలో మెచ్చుకుంటూ రాశారు.

శ్రోతలారా, ప్రతిష్ఠ అంటే నాకు కళ్లకు కట్టినట్టు కనిపించేది అక్కడ. వాని త్రోవను మూసివేయలేదు. ఆ త్రోవలో వాణ్ణి ఒంటరిగా వదిలేయనూ లేదు. లెక్కపెట్టే అలవాటుకు నాగలి కట్టారు.

డొనాల్డ్ తర్వాత ఏమయ్యారు? 1958లో డిగ్రీ పూర్తిచేశారు. సొంత ఊళ్లో బ్యాంకులో ఉద్యోగం చేశారు. గోల్ఫ్ ఆడడం, ఒంటరిగా దేశదేశాలు తిరిగి రావడం ఆయన ఇష్టాలు. వారి సంఘంలో సండే స్కూల్ సెక్రటరీగా కూడా ఉన్నారు. లెక్కలూ పేర్లూ ఇష్టమైనవానికి హాజరు పుస్తకం ఇవ్వడం ఎంత సరైన పని! 2023లో, 89 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన కుటుంబానికి డబ్బు, పలుకుబడి ఉన్నాయి, అది కూడా చెప్పాలి. అందరికీ ఆ వసతి ఉండదు. అయితే నాగలి ఇవ్వడానికి ఆ రైతు దంపతులు పెద్ద ఖర్చేమీ పెట్టలేదు.

ఇలాంటిదే ఇంకొకటి క్లుప్తంగా. టెంపుల్ గ్రాండిన్ అనే ఆమె, 1947లో పుట్టారు, ఆటిజం ఉన్నవారు. ఆడపిల్లగా ఉన్నప్పుడు బంధువుల పశువుల క్షేత్రంలో, సూది మందు వేసేటప్పుడు పశువును రెండు వైపులా నొక్కి పట్టే బోను చూసి, దానిమీదే మనసు పెట్టుకున్నారు. తనకోసం అలాంటిదే ఒకటి చేసుకుంటే, బడిలో కొందరు అది మాన్పించాలని చూశారు. ఒక సైన్సు మాస్టారు మాత్రం, ఇది నీకు ఎందుకు నెమ్మదినిస్తుందో శాస్త్రం చదివి కనిపెట్టు అన్నారు. ఆమె చదివారు, కొలరాడోలో ప్రొఫెసరు అయ్యారు. పశువులు బెదరకుండా నడిచే దొడ్లను, దారులను రూపొందించడంలో ఆమెకు గొప్ప పేరుంది.

అయితే ఒక జాగ్రత్త. మీ బిడ్డ కూడా ప్రొఫెసరు అవుతాడని చెప్పడానికి ఈ మాటలు చెప్పడం లేదు. సినిమాల్లో చూపించినట్టు ఆటిజం ఉన్న ప్రతివారికీ అద్భుత విద్య ఏదో ఉండదు. చక్రం తిప్పే బాబు జీవితమంతా చక్రం తిప్పుతూనే ఉండవచ్చు. మాటలు రాకపోవచ్చు. ఆ ఇష్టం ఒక్క రూపాయి సంపాదించకపోవచ్చు. అప్పుడు కూడా అది వాని సంతోషమే, దానిని గౌరవించాలి. సంపాదన వస్తేనే వరం, లేకపోతే రోగం అనే లెక్క మన బైబిలులో లేదు.

బెసలేలు విషయం చూడండి. నిర్గమకాండము 31లో దేవుడు పేరుపెట్టి పిలిచి తన ఆత్మతో నింపానని చెప్పిన మనిషి. ప్రవచించడానికి కాదు, యుద్ధం చేయడానికి కాదు, బంగారం, వెండి, ఇత్తడి పని చేయడానికి, రాళ్లు చెక్కడానికి, కర్ర కోయడానికి. ఒక తెరకు యాభై కొలుకులు, దానికి జోడీగా రెండవ తెరకు యాభై, వాటిని కలపడానికి యాభై బంగారు గుండీలు. ఒకటి తక్కువైతే మందిరం కలవదు. యాభయ్యవ గుండీ దగ్గర కూడా మొదటి గుండీ దగ్గర ఉన్నంత శ్రద్ధ ఉండే మనిషి అక్కడ కావాలి. నాబోటివాణ్ణి పెడితే పదో గుండీకే విసుగొచ్చేది. సంఖ్యాకాండము 7వ అధ్యాయం చూడండి, 89 వచనాలు, పన్నెండుమంది ప్రధానులు తెచ్చిన ఒకే రకం కానుకల పట్టిక పన్నెండుసార్లు. అనుదిన పఠనంలో మనం గబగబా దాటేసే అధ్యాయం. ఆ అధ్యాయం అక్షరం పొల్లుపోకుండా, ఆనందంగా చదివే పిల్లలు కొన్ని సంఘాలలో ఉన్నారు. వారికి ఎప్పుడైనా వేదిక దగ్గర చదివే అవకాశం ఇచ్చామా?

ఇక ఇంట్లో ఎలా? కాలువకు గట్లు కావాలి, ఇందులో సందేహం లేదు. హైపర్‌ఫోకస్‌లో ఉన్నవారికి ఆకలి, దాహం, మూత్రం సంగతి కూడా తెలియకపోవచ్చు. భోజనం, నిద్ర, మందులు, ఇవి బేరానికి పెట్టకూడని గట్లు. ఆపవలసి వచ్చినప్పుడు ముందుగా చెప్పండి. పది నిమిషాలుందని ఒకసారి, ఐదు నిమిషాలుందని ఒకసారి. గడియారం చూపించి చెప్తే ఇంకా మంచిది. ఈ పేజీ అయ్యాక, ఈ బండి వెళ్లాక అని వాని లోకంలోని గుర్తుతోనే ఆపించండి. ఏమీ చెప్పకుండా చేతిలోది లాక్కోవడం మాత్రం వద్దు. ఇంకొకటి, కొందరు ఈ ఇష్టాన్నే లంచంగా, శిక్షగా వాడతారు. లెక్కలు తప్పితే నోట్‌బుక్ బీరువాలో. రోజంతా బెదురుతో బతికే బిడ్డకు ఉన్న ఒక్క నీడను కూడా షరతుమీద ఇస్తే, వాడికి ఇక నీడ ఎక్కడ?

సెల్‌ఫోన్ గురించి అడుగుతారు, నాకు తెలుసు. అవి ఒకటి కాదు. చిన్న చిన్న వీడియోలు ఎవరినైనా పట్టి ఉంచేలా తయారుచేసినవి, వాటిలో పడి లేవలేకపోవడం మామూలు మనుషులకూ ఉంది. గమనించవలసిన గుర్తు, లేచిన తర్వాత ఆ బిడ్డ ముఖం. నిండుగా ఉందా, నలిగిపోయి ఉందా? తల్లికి తెలుస్తుంది.

రోజుకు పదిహేను నిమిషాలు వాడు చెప్పేది వినండి. విన్నదే మళ్లీ వినడం కష్టం, ఒప్పుకుంటాను. వందోసారి అదే రైలు గురించి వినే తల్లి ఓపిక చిన్నది కాదు. అయినా వాడు మిమ్మల్ని తన లోపలికి పిలిచే ద్వారం అదే. ఆ ద్వారం గుండానే మీరు లెక్కలు, ఊళ్ల పేర్లు, టికెట్ కొనేటప్పుడు ఎదుటి మనిషితో మాట్లాడడం, బైబిలు కథలు కూడా లోపలికి తీసుకువెళ్లగలరు. పౌలు ఏ రేవు నుంచి ఏ రేవుకు ప్రయాణించాడు, ఎన్ని రోజులు పట్టింది? ఇదంతా అపొస్తలుల కార్యములలో ఉంది. రైళ్లు ఇష్టపడేవానికి ఓడలు పనికిరాకపోవు.

పెద్దవారి మాట కూడా ఒకటి. ఏడీహెచ్‌డీ ఉన్న భర్త కంప్యూటర్ ముందు అర్ధరాత్రి దాటేదాకా కూర్చుంటే, భార్య ఒంటరిదవుతుంది. 'నా మెదడు అంతే' అని వదిలేయడం ప్రేమ కాదు. అలారం పెట్టుకోండి, భార్య భుజం తట్టి లేపడానికి ముందే ఒప్పందం చేసుకోండి, వైద్యుడు మందు అవసరమంటే వేసుకోండి. మందు వేసుకోవడం అవిశ్వాసం అనేవారికి, పౌలుతో ప్రయాణించిన లూకా వైద్యుడని కొలొస్సయులకు 4:14 గుర్తుచేయండి. బిడ్డల పరీక్షకైతే సికింద్రాబాదులో, మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది, దానిని ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటారు. ఆటిజం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది, ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడకండి.

సంఘపెద్దలకు నేను గట్టిగానే చెప్తాను. ఆటిజం ఉన్న బిడ్డను పట్టుకొని, కదలకుండా అదిమి, దయ్యం వదిలిస్తామని కేకలు వేసే పని మన మధ్య కొన్ని చోట్ల జరుగుతోంది. చప్పుడంటేనే భయపడే బిడ్డమీద అది హింస. యోహాను 9లో పుట్టు గ్రుడ్డివాని గురించి, వీడు పాపం చేశాడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీని కన్నవారూ కాదు అని ప్రభువే చెప్పాడు. ప్రభువు కొట్టివేసిన ప్రశ్నను మళ్లీ మనం ఆ తల్లి ముందు పెట్టడానికి మనకు అధికారం ఎక్కడిది? దానికి బదులు ఆ బిడ్డకు ఒక పని ఇవ్వండి. కీర్తన నంబర్లు బోర్డుమీద పెట్టే పని. సండే స్కూల్ హాజరు. కుర్చీలు వరుసగా వేసే పని, వాడు వేస్తే గీత గీసినట్టు ఉంటాయి. మైకు చప్పుడు కొంచెం తగ్గించండి. ఒడిలో నోట్‌బుక్ ఉంటే ఉండనివ్వండి. పెద్దలు కొందరు ఆరాధనలో ఫోన్లు చూసుకుంటున్నారు, వాటికంటే అది మేలు.

ఉత్తరం రాసిన తల్లికి రెండో ప్రశ్న మిగిలింది. కాల్చడం దేవునికి ఇష్టమైన పని కాదమ్మా. మీ భర్తగారి పక్కన కూర్చునే ఈ మాట వింటున్నారేమో. అయ్యా, మీ భయం నాకు అర్థమైంది, మీ ప్రేమా అర్థమైంది. ఒక కొత్త నోట్‌బుక్ కొనండి. బాబు దగ్గర కూర్చొని, "నేను కాల్చాను, అది తప్పు నాన్నా" అని చెప్పండి. వాడు మీ ముఖం చూడకపోవచ్చు, వింటాడు. తర్వాత మొదటి పేజీలో మీకు తెలిసిన ఒక బండి పేరు మీ చేత్తో రాసి, నంబరు దగ్గర ఖాళీ వదలండి. ఆ రోజే వాడు పూర్తిచేస్తాడని నేను మాట ఇవ్వలేను. ఒక వారం పట్టవచ్చు, ఒక నెల పట్టవచ్చు. పుస్తకం వాడి కంటికి కనిపించే చోట ఉంచండి. ఆదివారం సాయంత్రం కుదిరితే ఇద్దరూ స్టేషనుకు వెళ్లి ప్లాట్‌ఫారం చివర బెంచీమీద కూర్చోండి.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, నక్షత్రాలను లెక్కించి వాటికి పేర్లు పెట్టిన దేవా, ఈ సమయంలో ఆ కుటుంబాన్ని నీ చేతులలో పెడుతున్నాం. ఆ బాబు నోట మాట తిరిగి రానియ్యి. ఆ తండ్రికి ధైర్యం ఇయ్యి. రాత్రి నిద్రలేక ఈ రేడియో దగ్గర కూర్చున్న తల్లులకు ఈ రాత్రి నిద్ర ఇయ్యి. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.